గోడ మీద గొడ్డలి

బాయ్‌షీ రేవు
మార్చి 3, 2000

తమ్ముడు తింగ్‌యావ్‌కి,

చెవిలో చీము తగ్గిందా? ఫోను చేద్దామంటే నీకు వినపడదు. నీ మాట నాకు వినపడి మాత్రం ఏం లాభం? అందుకే కాగితం పట్టాను. కోడి గెలికినట్టుందని నవ్వకు. నావి పెద్దవాళ్ళకు పెట్టిన చలికాలపు బడిలో నేర్చుకున్న అక్షరాలు, వాటిలోనూ సగం మరిచిపోయాను. రానివి బొమ్మలా గీస్తాను, నువ్వే పోల్చుకోవాలి.

నిన్న మన ఇంటి గోడ మీద ఒక అక్షరం రాసి పోయారు. నేను పెరట్లో ఆవాకు కడుగుతున్నాను. వచ్చి చూసేసరికి రాయడం అయిపోయింది. నా ఎత్తున ఉంది. ఎర్ర రంగు, చుట్టూ సున్నా. రంగు కిందికి కారింది. పక్కింటి పెంగ్ వదిన నడుం మీద చేతులు పెట్టుకుని, "మీకు పెద్దది రాశారు వదినా, మాకు చూడు, పిల్లిపిల్లంత" అని నవ్వింది. ఆమెకు ప్రతిదీ నవ్వే. అది "కూల్చు" అట. ఇదిగో, ఇలా ఉంది:

拆

నదికి ఆనకట్ట కడుతున్నారనీ, నీళ్ళు మా కప్పు దాటి వస్తాయనీ తెలియక కాదు. ఏళ్ళ తరబడి చెబుతూనే ఉన్నారు. వినడం వేరు, గోడ మీద చూడడం వేరు.

మీ బావ కొత్త సంవత్సరం పండగ నుంచి మంచం దిగలేదు. కాళ్ళు చీపురు పుల్లలయ్యాయి, కడుపు కుండలా ఉంది. డాక్టరు నన్ను వాకిట్లోకి పిలిచి, ఎండలు ముదిరేదాకా ఉండకపోవచ్చు అన్నాడు. ఆ మాట ఆయనకు చెప్పలేదు. గోడ సంగతీ చెప్పలేదు. కానీ కుంచె చప్పుడు వినపడిందాయనకు.

"ఏం రాశారే గోడ మీద?"

"ఏదో నంబరు."

"నంబరుకు అంతసేపా?"

నిన్నటి నుంచీ అడుగుతూనే ఉన్నాడు. నువ్వు జీవితమంతా రాళ్ళ మీద అక్షరాలు చెక్కినవాడివి. ఇది ఎక్కడ పుట్టింది, దీని కడుపులో ఏముంది, రాయి. ఒక్క మంచి అర్థం ఉన్నా చాలు, అది చెప్పి నెట్టుకొస్తాను. అబద్ధం నాకు నిలవదు. చెవులు ఎర్రబడతాయి, ఆయన పట్టేస్తాడు.

వచ్చే నెల చింగ్‌మింగ్ పండక్కి సమాధులు ఊడ్చుకున్నాక వీధి ఖాళీ చేయాలట. వాకిట్లో నారింజ చెట్టు ఈసారి ముందే పూసింది. అది శుభమో కాదో.

నీ అక్క,
సూచ్యోంగ్

ఉన్ని బనీను అప్పుడే విప్పకు. నదిగాలి నమ్మదగ్గది కాదు.


వుహాన్
మార్చి 11

అక్కా,

చెవి అలాగే ఉంది. బనీను ఒంటి మీదే ఉంది. దాని గురించి మళ్ళీ రాయకు.

నీ బొమ్మ పోల్చుకున్నాను. ఇప్పుడు రాసే తీరు ప్రకారం ఎడమవైపు చెయ్యి, కుడివైపు గొడ్డలి, గొడ్డలికి ఒక చుక్క. చెయ్యి గొడ్డలి పట్టి నరుకుతోంది అని అందరూ చెప్పేస్తారు. నా కొట్టుకొచ్చే కుర్రాళ్ళూ అంతే. అది తప్పు. ముద్రలు చెక్కే పాత లిపిలో అక్కడ గొడ్డలే లేదు. ఒక వాలు కప్పు, దాని కింద ఒక తలకిందుల మనిషి ఉంటాడు. తల కిందికి, కాళ్ళు పైకి. ఆ మనిషిని ఉచ్చారణ కోసమే పెట్టారని కొందరంటారు, మా గురువు ఒప్పుకునేవాడు కాదు. పాత నిఘంటువు ఆ భాగానికి చెప్పే అర్థం "ఇంటిని వెనక్కి నెట్టడం". ఇరుకైన ఇంట్లో గోడ జరిపి చోటు చేసుకుంటారే, అలాంటిది. తర్వాత వందల ఏళ్ళు గుమాస్తాలు తొందరతొందరగా రాసి రాసి, కప్పూ మనిషీ కలిసిపోయి గొడ్డలిలా తయారయ్యాయి. చెయ్యి ఆ తర్వాత వచ్చి చేరింది.

మంచి అర్థం అడిగావు. ఉంది. కలిసి ఉన్నదాన్ని విడదీయడం ఏదైనా ఈ అక్షరమే. ఈ ఉత్తరం కవరు విప్పావా, అదీ ఇదే. చలి పోయాక బొంత కుట్లు విప్పి ఉతుకుతావు చూడు, దానికీ ఇదే. బావకు ఆ మాట చెప్పు.

ఇంటి కోసం మరీ దిగులు పడకు. పై ఊళ్ళో కొత్త ఇల్లు ఇస్తారు, కుళాయి ఉంటుంది, మెట్లు దిగి నది నీళ్ళు మోయక్కర్లేదు. ముందు బావను ఆసుపత్రిలో చూపించు. జిల్లా ఆసుపత్రిలో డాక్టర్ ల్యావ్ నాకు బాగా తెలుసు, అతని పెళ్ళికి ముద్ర చెక్కి ఇచ్చాను. నా పేరు చెబితే మంచం ఇస్తాడు.

తింగ్‌యావ్


బాయ్‌షీ రేవు
మార్చి 18

తమ్ముడూ,

తలకిందుల మనిషి అని ఎందుకు రాశావు? గొడ్డలి అని వదిలేస్తే పోయేది కదా. ఇప్పుడు గోడ పక్కన నడవాలంటే భయంగా ఉంది. అటు చూడకుండా నీళ్ళు మోస్తున్నాను. కప్పు కింద తల కిందికీ కాళ్ళు పైకీ ఎవరున్నారో నాకు తెలుసు. నువ్వు చదువుకున్నవాడివి, నీకు అది అక్షరం. నాకు మా ఇల్లు.

ఆయనకు తెలిసిపోయింది. పెంగ్ వదిన వాళ్ళ పెంకులు దించుతుంటే విన్నాడు.

"నంబరన్నావు."

"నంబరే."

"చెవులు చూసుకో."

అప్పుడు అరచేయి చాపాడు. రాయమన్నాడు. వేలితో రాశాను. చదువు రాకపోయినా వేలు పోయిన దారి ఆయనకు తెలుస్తుంది, వడ్రంగి చెయ్యి కదా. "ఇది చెయ్యి. ఇది నా గొడ్డలి. ఈ చుక్కేంటి? పేడు! దెబ్బకు పేడు లేచింది. రాసినవాడెవడో పని తెలిసినవాడే" అని నవ్వాడు. ఆ నవ్వుకు దగ్గు వచ్చి, దగ్గుకు నెత్తురు వచ్చింది. నీ పాత లిపి సంగతి చెప్పలేదు. ఆయన గొడ్డలి ఆయనకు ఉండనీ.

బొంత మాట చెప్పాను. "నిజమేనే. ఈ ఇంటికి మేకు కొట్టానా నేను? ఒక దుంగ నాలుక ఇంకో దుంగ గాడిలో దిగుతుంది, అంతే. బొంతలాగే విప్పొచ్చు. ముందు నన్ను సాగనంపి, తర్వాత దాన్ని విప్పుకోమను" అన్నాడు.

చూశావా, ఆయన అడిగేది అదొక్కటే. నువ్వు పట్నం వెళ్ళి ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇక్కడి సంగతులు మరిచిపోయి ఉంటావు. ఊపిరి పోయే వేళకు మనిషి నడింట్లో ఉండాలి, తలుపు చెక్క మీద, తన దూలం కింద. బయట పోయినవాణ్ణి మళ్ళీ గడప లోపలికి తేనివ్వరు. పెంగ్ వదిన మొగుడు గుర్తున్నాడా, పడవ పని చేసేవాడు? నదిలో పోతే ఇసుకలో పరదా కింద ఉంచారు. వాన కురుస్తోంది. ఇల్లు కనపడుతూనే ఉంది. ఆమె ఈ పిచ్చి నవ్వు అప్పటి నుంచే. మొగుడు ఇప్పటికీ తలుపు వెతుక్కుంటున్నాడంటుంది, నవ్వుతూనే.

పై ఊరి ఇల్లు నాలుగో అంతస్తు. దీపం వెలిగించి గృహప్రవేశం చేయకుండా చావబోయేవాణ్ణి మోసుకొస్తే ఆ మెట్లు ఎక్కిదిగే వాళ్ళంతా తిరగబడతారు. నేనైనా తిరగబడతాను. అయినా అది ఆయన ఇల్లా? ఆ దూలం ఆయన ఎత్తాడా?

వీధి కార్యాలయానికి వెళ్ళాను. తాన్ అని ఒక కుర్రాడున్నాడు, మంచివాడే, కుర్చీ వేశాడు.

"బాబూ, మా ఇల్లు అందరి ఇళ్ళ తర్వాత విప్పండి."

"ఎన్నాళ్ళు కావాలి అమ్మమ్మా?"

ఏం చెప్పను? మా ఆయన పోయేదాకా అని ఏ నోటితో అనను? "దగ్గు తగ్గేదాకా" అన్నాను. రాసుకున్నాడు. మా ఇంటిని ఆఖర్న పెడతానన్నాడు గానీ ఏప్రిల్ పది దాటనివ్వడం తన చేతుల్లో లేదన్నాడు.

తెల్లారగానే ఆయన ముక్కు దగ్గర చెంప పెడతాను. వెచ్చగా తగిలితే ప్రాణం లేచొస్తుంది. పొయ్యి దగ్గరికి వెళ్ళేలోపే ఆ ఊపిరి చూసే భయం వేస్తుంది, ఇంకా ఎన్నాళ్ళు నిలుస్తుందోనని. ఆయన తొందరగా వెళ్ళిపోతే బాగుండు అనుకుంటున్నాను తమ్ముడూ. గంజి తాగించే చేత్తోనే ఈ మాట రాస్తున్నాను. కొట్టేద్దామని చూశాను, కాగితం చిరిగిపోయేలా ఉంది.

ఆసుపత్రి మాట ఎత్తకు. ఆయన వినకూడదు.

సూచ్యోంగ్

ఊరవేసిన దుంప ముక్కలు పంపాను. అందాయో లేదో. జాడీ మూత సరిగ్గా బిగించానో లేదో కూడా గుర్తు లేదు.


వుహాన్
మార్చి 25

అక్కా,

నీ ఉత్తరం చదివి రోజంతా ఉలి పట్టుకోలేదు.

"తొందరగా వెళ్ళిపోతే బాగుండు" అని రాశావు. ఆ మనిషి నిన్ను ఏనాడైనా ఒక్క మాట అన్నాడా? పిల్లలు దక్కకపోతే అత్తగారు దెప్పినప్పుడు అడ్డం నిలబడ్డది ఎవరు? ఇప్పుడు నాలుగు దుంగల కోసం, ఏదో పాత ఆచారం కోసం, మందు ఇప్పించకుండా మంచంలో పడేసి, తేదీ చూసుకుంటూ కూర్చున్నావా? నువ్వు చెడ్డదానివి కాదు. భయంతో మతి తప్పింది. కడుపులో నీరు తీయించుకుని ఏళ్ళు బతికినవాళ్ళున్నారు మా వీధిలోనే.

నువ్వు అడగవని తెలిసి నేనే డాక్టర్ ల్యావ్‌కి రాశాను. ఆసుపత్రి పడవ పంపి బావను తీసుకెళ్ళమన్నాను. ఆయన ఒప్పుకోకపోయినా తీసుకెళ్ళమన్నాను. నన్ను తిట్టుకున్నా సరే. బతికాక ఆయనే నాకు జాబు రాయిస్తాడు.

దుంపలు అందాయి. ఉప్పు ఎక్కువైంది.

తింగ్‌యావ్


జిల్లా ఆసుపత్రి
ఏప్రిల్ 4

తింగ్‌యావ్,

ఈ కాగితం నర్సమ్మను అడిగి తీసుకున్నాను.

నీ ఉత్తరం, నీ మనుషులు ఒక్క పూటే వచ్చారు. తెల్లకోట్ల వాళ్ళు, మోత మంచం. నేను నది దగ్గరున్నాను, బట్టలు ఉతుకుతూ. పైకి వచ్చేసరికి ఆయన్ని మెట్ల మీదుగా దించేస్తున్నారు. ద్వారబంధం పట్టుకుని వదల్లేదట. వేళ్ళు ఒక్కొక్కటి విప్పారట. పెంగ్ వదిన చెప్పింది, నవ్వలేదు. నన్ను చూసి ఆయన, "ఎవరు పంపారే వీళ్ళని?" అన్నాడు. నువ్వని చెప్పలేకపోయాను. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయేమో, ఆయన చూసే స్థితిలో లేడు.

కడుపులో నీరు తీశారు. మళ్ళీ వచ్చింది. ముక్కులో గొట్టం పెట్టారు. డాక్టర్ ల్యావ్ మంచివాడే, నిన్ను మరీ మరీ అడిగాడు. కానీ, "పెద్దమ్మా, చేయగలిగింది అయిపోయింది" అన్నాడు. అయితే ఇంటికి పంపు నాయనా అన్నాను. ఒక రెండు రోజులు చూద్దాం, పడవ కుదుపుకు తట్టుకోడు అంటాడు. ఇక్కడ పోతే? ఇక్కడ పోతే కింద చల్లటి గది ఉందట. అక్కడ పెడతారట. అంతే. అది చెప్పేటప్పుడు నా భుజం తట్టాడు.

పక్క మంచం మనిషి నిన్న పోయాడు. వాళ్ళవాళ్ళు మంచం చక్రాల మీద తోసుకుపోయారు. ఆయన అదంతా చూశాడు. చూసి గోడ వైపు తిరిగాడు. గొట్టం అడ్డమొచ్చి తిరగలేక సగంలో ఆగాడు.

నేను చెడ్డదాన్నని రాశావు. కాదు, చెడ్డదానివి కాదని రాశావు, రెండూ ఒకటే. ఆయన ఎప్పుడో పోతాడు, అది నేను ఆపలేను, నువ్వూ ఆపలేవు. ఎక్కడ పోవాలో ఆ ఒక్కటి మా చేతుల్లో ఉండేది. దాన్ని నువ్వు లాగేసుకున్నావు. నిన్ను తిట్టడానికి తీరిక లేదు. నీ డాక్టరుకు నువ్వు రాస్తే వింటాడేమో. వెంటనే రాయి, పంపించేయమని. ఇవాళ చింగ్‌మింగ్. మా వీధిలో ఎవరి ఇంటికి కప్పుందో ఎవరికి లేదో తెలియడం లేదు.

సూచ్యోంగ్


వుహాన్
ఏప్రిల్ 5

అక్కా,

బావ చేరాడని, నీరు తీశారని ల్యావ్ కబురు పంపాడు. మనసు తేలికపడింది. చూశావా, ఎంత పని! నిన్న పండక్కి అమ్మానాన్నల పేరున ఇక్కడే కాగితపు డబ్బు కాల్చాను, బావ పేరు కూడా చెప్పుకున్నాను. లేచి కూర్చున్నాక చేపపులుసు పెట్టు. కోపం తగ్గాక రాయి.

నీ తమ్ముడు


బాయ్‌షీ రేవు
ఏప్రిల్ 13

తమ్ముడూ,

నీ ఐదో తేదీ ఉత్తరం ఆసుపత్రి చుట్టూ తిరిగి నిన్న అందింది. నా ఉత్తరం నీకు అప్పటికి చేరలేదని అర్థమైంది. చేపపులుసు దగ్గర ఆగిపోయాను, మిగతాది తర్వాత చదివాను.

తొమ్మిదో తేదీన డాక్టర్ ల్యావ్ కాళ్ళ మీద పడ్డాను. "పెద్దమ్మా, దారిలోనే పోతాడు" అన్నాడు. "ఇంటి దారే కదా నాయనా" అన్నాను. లేపి, ఊపిరి అందడానికి గొట్టం పెట్టిన రబ్బరు గాలి సంచి ఒకటి ఇచ్చి, ఎలా నొక్కాలో చూపించాడు. రేవు దాకా తనే వచ్చాడు. అతన్ని ఏమీ అనకు.

పడవలో నా ఒళ్ళో తల పెట్టుకున్నాడు. కాసేపు బాగానే ఉన్నాడు. కొండలు చూసి ఎటు పోతున్నామో పోల్చుకున్నాడు. "దూలం దించేశారా?" అని అడిగాడు. "మనల్ని ఆఖర్న పెట్టారు, తాన్ బాబు మాట ఇచ్చాడు" అన్నాను. "దించేటప్పుడు తూర్పు వైపు ముందు వదులు చేయమను, లేకపోతే గాడి చీలుతుంది" అన్నాడు. ఇంకేదో అన్నాడు గానీ ఇంజను చప్పుడులో వినపడలేదు. ఏమన్నాడో. రోజూ అదే ఆలోచిస్తున్నాను.

పాత గుడి మలుపు దగ్గర పోయాడు.

నీకు మాత్రమే రాస్తున్నాను. ఒళ్ళో బరువు మారింది. అంతే తేడా. నేను గాలి సంచి నొక్కుతూనే ఉన్నాను. గట్టిగా ఏడిస్తే తెలిసిపోతుంది, ఏడవలేదు. మాట్లాడడం మొదలుపెట్టాను. పులుసులో ఉప్పు ఎక్కువని దెప్పేవాడు, నేనూ దెప్పాను. ఉలులు సానపట్టకుండా పడేశావన్నాను, దుప్పటి తన్నేస్తావన్నాను, దుప్పటి మెడదాకా లాగాను. పడవ నడిపే ముసలాయన వెనక్కి తిరిగి, "అబ్బ, అంత తిడుతుంటే ఎంత హాయిగా నిద్రపోతున్నాడమ్మా! మా ఇంట్లో నాకీ అదృష్టం లేదు" అన్నాడు. "ఆయనకు అలవాటే, నువ్వు మెల్లగా పోనీ" అన్నాను.

రేవులో మెట్ల కింద ఇద్దరు మోతగాళ్ళను పిలిచాను. మోత కుర్చీలో కట్టేటప్పుడు ఒకడు చెయ్యి పట్టుకుని వదిలేశాడు. "ముసలమ్మా, చేతులు చల్లగా ఉన్నాయేంటి?"

పెంగ్ వదిన ఎక్కడి నుంచి వచ్చిందో, తోసుకుంటూ వచ్చి, "నదిగాలికి ఎవరి చేతులు వెచ్చగా ఉంటాయిరా? నీ చేతులు ఇటు చూపించు! పెళ్ళికూతురి చేతుల్లా ఉండాలా ఆయనవి? ఎత్తు, ఎత్తు!" అని అరిచింది. ఎత్తారు. ఆమె ఆయన తలకు ఒక పక్క, నేను ఒక పక్క. మెట్టు మెట్టుకూ పిలుస్తోంది, "రాన్ అన్నయ్యా, ఇదిగో బియ్యం కొట్టు వచ్చింది, ఇదిగో బావి వచ్చింది, కళ్ళు తెరవకపోయినా పర్లేదు, వింటూ రా." తన మొగుడికి చెప్పలేకపోయినవన్నీ చెప్పింది అనుకుంటాను.

వీధి తిరిగేసరికి మా కప్పు ముందు సగం లేదు. పెంకులు కింద పేర్చి ఉన్నాయి. మనుషులు పైన కూర్చుని ఉన్నారు. గోడ మీద అక్షరం అలాగే ఉంది, దాని మీద ఆకాశం. తాన్ బాబు ఎదురొచ్చాడు. "అమ్మమ్మా, మీరు రారేమో అనుకున్నాం" అన్నాడు, ఏడుపు మొహంతో. దూలం మాత్రం ఉంది. మోతగాళ్ళు గడప ముందు ఆగిపోయారు. ఆ మొదటివాడు లోపలికి అడుగు వేయనన్నాడు. పోయినవాణ్ణి గడప దాటిస్తే తన చేతులకు చుట్టుకుంటుందన్నాడు. పై నుంచి పనివాళ్ళు చూస్తున్నారు, వీధి వీధంతా చూస్తోంది. నేను గాలి సంచి నొక్కుతున్నాను. అందులో గాలి ఎప్పుడో అయిపోయింది, రబ్బరు మూలిగినట్టు చప్పుడు చేస్తోంది.

తాన్ బాబు వంగి చెవి ఆయన నోటి దగ్గర పెట్టాడు. చాలాసేపు పెట్టాడు. లేచి, పైకి చూసి, కార్యాలయంలో సభకు చదివే గొంతుతో చెప్పాడు.

"ఊపిరి ఉంది. మీరంతా కిందికి దిగండి. పెద్దాయన్ని లోపలికి పోనివ్వండి."

నా మొహం మాత్రం చూడలేదు. ఆ తర్వాత ఇప్పటిదాకా చూడలేదు.

తలుపు చెక్క దించి దూలం కింద పడుకోబెట్టాను. పెంగ్ వదిన దీపం తెచ్చింది. అప్పుడు, అందరూ వినేలా, "ఇప్పుడే పోయాడు" అన్నాను. ఆ మాట అన్నాక ఏడుపు వచ్చింది, ఆగలేదు. సాగనంపేదాకా పనివాళ్ళు వీధి చివర కూర్చుని పేకాడుకున్నారు, ఒక్క పెంకు ముట్టలేదు. నిన్న దూలం దించారు. తూర్పు వైపు ముందు వదులు చేయమని చెప్పాను. విన్నారు, గాడి చీలలేదు.

నీ మీద కోపం లేదని రాద్దామనుకున్నాను. ఉంది. పోతుందేమో తెలియదు. అయినా నాకు అడగడానికి నువ్వే ఉన్నావు, అందుకే అడుగుతున్నాను. మలుపు దగ్గర పోయినవాడు, అందరూ కలిసి ఊపిరి ఉందంటే, ఇంట్లో పోయినట్టేనా? ఆయనకు తెలిసిందా తను గడప దాటానని? లేక ఆ గుడి మలుపు దగ్గరే దిగిపోయి, మేం ఎవరినో మోసుకుపోతుంటే చూస్తూ నిలబడ్డాడా? నీళ్ళు పెరిగాక ఆ మలుపు కూడా ఉండదు. అప్పుడు ఎక్కడని వెతకను? ఓదార్చడానికి రాయకు. నిజమే రాయి, త్వరగా రాయి.

జవాబు మన వీధికి వేయకు, పోస్టు మనిషి రావడం మానేశాడు. రేవులో ఆ పడవ ముసలాయన పేరున వెయ్యి. అతను రోజూ ఉంటాడు. మొన్న కూడా నన్ను చూసి, "ఆ రోజు బాగా నిద్రపోయాడు, ఇప్పుడు కాస్త నయమా ఆయనకు?" అని అడిగాడు. నయమే అన్నాను.

నీ అక్క